తొంభై ఏడో ఉత్తరంలో కిటికీ

పుస్తకం కృతజ్ఞతల పేజీలో పదకొండో పేరు నాది. "టైపింగులో తోడ్పడినందుకు" అని ముందు ఒక ముక్క రాసి, దాని కింద వరుసగా పదిహేడు పేర్లు అచ్చేశాడు. నా పైన ఆఫీసు గుమస్తా, నా కింద ప్రింటర్ బాగుచేసే అతను. వాళ్ల మీద నాకేం కోపం లేదు. గుమస్తా మంచివాడు, ప్రింటర్ అతను ఇంకా మంచివాడు. కానీ పద్దెనిమిదేళ్ల నా ఆదివారాలు ఆ ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చోవడం చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అట్ట మీద మాత్రం ఒక్కటే పేరు. "సేకరణ, పరిష్కరణ, పీఠిక" అని, కింద మా శాఖాధిపతి పేరు. అతన్ని నేను ఇస్త్రీ అంటాను. ఇరవై రెండేళ్ల క్రితం నా దగ్గర పరిశోధనకు చేరిన రోజు నుంచి ఇవాళ్టిదాకా అతని చొక్కా మీద ఒక్క ముడత చూడలేదు. నా మొదటి శిష్యుడు. అతని పరిశోధన గ్రంథం నాలుగు వందల పేజీల్లో నా ఎర్రసిరా పడని పేజీ లేదు. ఆ ఎర్రసిరా తీసేస్తే అందులో మిగిలేది అట్టా, విషయసూచికా.

పుస్తకం నా చేతికిచ్చింది కూడా అతనే. రెండు చేతులతో, కాస్త వంగి ఇచ్చాడు.

"శుక్రవారం ఆవిష్కరణ మేడమ్. మీరే మాట్లాడాలి. గురువుగా."

నేను కృతజ్ఞతల పేజీ తీసి అక్కడే చూశాను. అతను నా మొహం చూడకుండా గడియారం చూసుకున్నాడు. క్లాసుందంటూ వెళ్లిపోయాడు. ఆ గంటలో అతనికి క్లాసు లేదు. ఆ శాఖ టైంటేబుల్ వేసేది నేనే.

నేను ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ కాలేజీలో పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ సాహిత్యం చెబుతున్నాను. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాను. నేను చెప్పే పాఠమేమిటో ఎవరికైనా రెండు నిమిషాలు వివరించాక, "ఓహో, ఇంగ్లీషు టీచరన్నమాట" అని తేల్చేస్తారు. అలవాటైపోయింది. ఆ శతాబ్దమంతా పెద్ద పెద్ద గడ్డాల వాళ్లు రాసిన లావుపాటి పుస్తకాలే. అవి చెప్పీ చెప్పీ విసుగెత్తి, గడ్డం లేని ఒకావిడను పట్టుకున్నాను.

ఆవిడ రచయిత్రి కాదు. సముద్రంలో ఒక రాతిగుట్ట మీద దీపస్తంభం చూసుకునే అతని భార్య. ఇరవై ఏళ్లపాటు ఒడ్డునున్న వాళ్లక్కకు ఉత్తరాలు రాసింది. రెండు వందల పద్నాలుగు ఉత్తరాలు. కాగితం దొరకడం కష్టం కాబట్టి ముందు అందరిలాగే అడ్డంగా రాసేది. పేజీ నిండాక కాగితాన్ని పక్కకు తిప్పి, రాసిన దాని మీదే నిలువుగా మళ్లీ రాసేది. చూడ్డానికి ప్రతి పేజీ అల్లిన చాపలా ఉంటుంది. అందుకే ఎవరూ వాటి జోలికి పోలేదు. ఒక దూరపు గ్రంథాలయం ఆ కాగితాల ఫొటోలు తీసి మా కాలేజీకి పంపితే, అట్టపెట్టె ఏడేళ్లు మెట్ల కింద పడి ఉంది. దుమ్ము దులిపి ఇంటికి తెచ్చింది నేను.

అలాంటి పేజీని ఒక్క మనిషి దించలేడు. కళ్లు తిప్పి టైపు కొట్టేలోగా వరుస తప్పిపోతుంది. అడ్డం వాక్యంలో మొదలుపెట్టి నిలువు వాక్యంలో తేలతాం. భూతద్దం పట్టుకుని కళ్లు తీయకుండా ఒకరు చదవాలి, ఇంకొకరు టైపు చేయాలి. చదివే మనిషి నాకు ఇంట్లోనే ఉంది. మా అక్క.

అక్క ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసింది. డాక్టర్ల చేతిరాత చదవగలిగిన మనిషికి దీపస్తంభం ఆవిడ రాత ఒక లెక్కా! బావ పోయాక నా దగ్గరికే వచ్చి ఉంటోంది. ఆదివారం భోజనాలయ్యాక కిటికీ పక్క కుర్చీలో అక్క, బల్ల దగ్గర నేను. అక్క ఇంగ్లీషు వాక్యం పైకి చదివేది, మధ్య మధ్య తన మాట తాను చెప్పేది.

"ఈవిడ మొగుడు దీపం చూసుకుంటున్నాడో, సీసా చూసుకుంటున్నాడో అనుమానమేనే."

"చదవక్కా."

"చదువుతున్నా. దగ్గుకి వేడినీళ్ల ఆవిరి పట్టిందట. బుర్రున్న మనిషి."

అలా పద్దెనిమిదేళ్లు. మధ్యలో అక్క ఒక కంటికి శుక్లాలు తీయించుకుంది, రెండో కంటితో చదివింది. ఆ చదువూ, ఆ టైపూ ఇప్పుడు ఇస్త్రీగారి సేకరణ, పరిష్కరణ.

అతని చేతికి అదెలా పోయిందో చెప్పాలంటే నాకు సిగ్గు. అయిదేళ్ల కిందట, "మీ కంప్యూటర్ ఎప్పుడు చస్తుందో తెలీదు మేడమ్, ఒక కాపీ శాఖలో భద్రంగా ఉంచుతాను" అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి నేనే ఇచ్చాను. థాంక్స్ కూడా చెప్పాను.

మర్నాడు అతని గదికి వెళ్లాను. ఒకప్పుడు అది నా గదే. కుర్చీ మార్చాడు, పరదాలు మార్చాడు, గోడ మీద నేను పెద్ద అక్షరాలతో రాయించిన వాక్యం మాత్రం అలాగే ఉంచాడు.

"ఇది నా పని," అన్నాను పుస్తకం బల్ల మీద పడేసి.

"కూర్చోండి మేడమ్."

"కూర్చోడానికి రాలేదు. నీ పీఠికలో ఏం రాశావు? 'ప్రతి అక్షరాన్నీ నేనే స్వయంగా భూతద్దంతో పదేళ్లు చదివాను' అనా? ఏ కంటితో చదివావు?"

అతనికి కోపం రాలేదు. కోపం వచ్చుంటే బాగుండేది. ఏమీ తెలియని రోగికి జబ్బు వివరించే డాక్టరులా నెమ్మదిగా చెప్పాడు.

"ఆ ఫొటోలు ఎవరి ముందు పెట్టినా అవే మాటలు కనిపిస్తాయి కదా మేడమ్. మీరు చదివినా అవే, నేను చదివినా అవే. ఉత్తరాలు రాసింది ఆవిడ. వాటి మీద మీ హక్కేంటి, నా హక్కేంటి?"

"అయితే నా ఫైలు ఎందుకు తీసుకున్నావు?"

"పోల్చి చూసుకోడానికి. మీరు తొమ్మిదేళ్ల కిందటే పూర్తి చేశారు. అచ్చెయ్యమని ఎన్నిసార్లు అడిగాను? ఇంకా సరిచూడాలి, ఇంకా సరిచూడాలి అన్నారు. పెట్టెలో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరో ఒకరు బయటికి తేవాలా వద్దా?"

"తే. నా పేరుతో తే."

"నాదీ, మీదీ పక్కపక్కన పెట్టి ఒక్క తేడా చూపించండి. ఇది మీరు మాత్రమే ఇలా చదివారు, వేరే ఎవరూ ఇలా చదవలేరు అనేది ఒక్కటి. చూపిస్తే రేపే అట్ట మార్పిస్తాను."

ప్రిన్సిపాల్ కూడా అదే పాట పాడాడు. ఆయన రసాయనశాస్త్రం మనిషి. "నీటిని మీరు కొలిచినా, ఆయన కొలిచినా ఒకటే లెక్క వస్తుంది కదండీ ప్రొఫెసర్ గారూ. తప్పు లెక్క అయితేనే ఎవరిదో తెలుస్తుంది," అన్నాడు. ఆ మాట ఆయన ఊరికే అన్నాడు. నాకు మాత్రం అది సరిగ్గా తగిలింది.

ఎందుకంటే తప్పు లెక్క ఒకటుంది. అది నాదే. ఇస్త్రీ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంది.

తొంభై ఏడో ఉత్తరం దీపస్తంభం ఆవిడ చిన్న కూతురి జ్వరం గురించి. ఏడో రోజు. అడ్డం వరుసలు అయిపోయి నిలువు వరుసల్లోకి వెళ్లాక, మధ్యలో ఇలా ఉంటుంది: "దాని చెయ్యి చల్లబడింది. ఆ కిటికీ మూయి, చలికి మెడ పట్టేసింది. అక్కా, ఇంక నేనేమీ రాయలేను." బిడ్డ ప్రాణం పోతున్న క్షణంలో కలం ఆపకుండానే ఆ తల్లి ఎవరితోనో మాట్లాడుతోంది. ఎవరితో? మృత్యువుతో అన్నాను నేను. కిటికీలోంచి వచ్చి మెడ పట్టుకున్న చలి మృత్యువేననీ, ఆ తల్లి దాన్ని పనిమనిషిని కసిరినట్టు కసిరిందనీ నలభై పేజీల వ్యాసం రాశాను. ఆ వ్యాసం నన్ను ప్రొఫెసర్ని చేసింది. దాని పేరు చెప్పి మూడు దేశాలు పిలిచాయి. ఏడాది మార్చి ఏడాది పరీక్షల్లో అదే ప్రశ్న. ఒక విద్యార్థిని ఆ వాక్యాన్ని చేతి మీద పచ్చబొట్టు కూడా పొడిపించుకుంది.

తొమ్మిదేళ్ల క్రితం ఇంకో విద్యార్థిని, ఆ వాక్యం ఆవిడ సొంత చేతిరాతలో చూడాలని ఉంది మేడమ్ అని అడిగింది. సంబరంగా ఫొటో బయటికి తీశాను. భూతద్దం పెట్టాను. చెయ్యి చల్లబడింది, ఉంది. ఇంక నేనేమీ రాయలేను, ఉంది. మధ్యలో కిటికీ లేదు. అడ్డంగా వెతికాను, నిలువుగా వెతికాను, వెనక పేజీ వెతికాను. నాలుగుసార్లు చూశాను. కిటికీ లేదు, చలి లేదు, మెడ లేదు. ఫొటో పాడైపోయిందమ్మా అని ఆ పిల్లకు అబద్ధం చెప్పి పంపేశాను.

ఇంటికెళ్లాను. చలికాలం. అక్క అదే కుర్చీలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నేను చెప్పులు విప్పుతుండగా తలెత్తకుండా అంది: "ఆ కిటికీ మూయవే, చలికి మెడ పట్టేసింది."

చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తెలుగులో విన్న మాట ఇంగ్లీషులో ఎలా టైపు చేశావని అడగొద్దు. జీవితమంతా నేను చేసిన పనే అది. క్లాసులో ఇంగ్లీషు చదువుతాను, తెలుగులో చెబుతాను. తెలుగులో ప్రశ్న వింటాను, ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తాను. చెవిన పడింది వేళ్లలోకి దిగేటప్పుడు మధ్యలో నన్ను అడగదు. మా అక్క మెడనొప్పిని పందొమ్మిదో శతాబ్దంలో కలిపేసి, దాని మీద నలభై పేజీలు రాసి, దాన్ని మెట్లు చేసుకుని ఎక్కి కూర్చున్నాను.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ వాక్యం తీయకుండా పుస్తకం వేయలేను, తీస్తే ఎందుకు తీశావని లోకం అడుగుతుంది. అందుకని తొమ్మిదేళ్లు "సరిచూస్తున్నాను" అన్నాను. అక్కకు కూడా చెప్పలేదు. ఎవరైనా ఇంటికొచ్చి ఆ వాక్యాన్ని పొగిడితే, అక్క కూడా తల ఊపి, "పాపం, మంచి మాట రాసింది మహాతల్లి," అనేది. అప్పుడు నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి పోయేదాన్ని.

కాబట్టి ఇస్త్రీ అడిగిన తేడా నా దగ్గరుంది. అది చూపిస్తే పద్దెనిమిదేళ్ల పని నాదని తేలుతుంది, నలభై పేజీల పేరు పోతుంది. చూపించకపోతే పేరు నిలుస్తుంది, రెండు వందల పద్నాలుగు ఉత్తరాలు అతనివైపోతాయి. గురువారం అంతా ఈ రెండింటి మధ్యా పచార్లు చేశాను. ఇస్త్రీని తిట్టాను. వాడికి ఫొటోలు తీసి చూసే ఓపిక కూడా లేదు, దొంగతనం కూడా బద్ధకంగానే చేశాడు. నన్ను నేను తిట్టుకున్నాను. దీపస్తంభం ఆవిణ్ణి కూడా తిట్టాను, శుభ్రంగా ఒకే వైపు రాసి చావకుండా.

శుక్రవారం పొద్దున అక్కతో అన్నాను: "నువ్వు కూడా రా."

"నేనెందుకే అక్కడ? ఆ సభల్లో కుర్చీలు చూశావా, గంటకి నడుం విరుగుతుంది."

"నువ్వు చదివిన ఉత్తరాలేగా."

"అయితే మాత్రం? నా పేరేమన్నా ఉందా అందులో?"

"లేదు."

"మరింకేం," అంది. అని, లేచి చీర మార్చుకోవడానికి వెళ్లింది.

సెమినార్ హాలు నిండిపోయింది. ప్రిన్సిపాల్, పక్క కాలేజీల వాళ్లు, విద్యార్థులు. అక్క మూడో వరుసలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ తెల్లచొక్కాలో మెరుస్తున్నాడు. నన్ను పిలుస్తూ, "నాకు ఉత్తరాలు చదవడం నేర్పిన గురువు" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

మైకు ముందు నిలబడి, "నేనెక్కువ మాట్లాడను. తొంభై ఏడో ఉత్తరం ఆయన నోటితో వినాలని ఉంది," అన్నాను.

అతను సంతోషంగా లేచి చదివాడు. బాగా చదువుతాడు, కాదనను, చదవడం నేర్పింది నేనే. కిటికీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

"ఇది మీరే స్వయంగా ఫొటోలోంచి చదివి దించారు కదా?"

"అవును మేడమ్. ప్రతి అక్షరం."

నేను తెచ్చిన ఫొటోను తెర మీద వేయించాను. గోడంత చాప. అతని చేతికి ఎర్రచుక్క వేసే లేజర్ ఇచ్చాను.

"ఆ కిటికీ వాక్యం ఎక్కడుందో పిల్లలకి చూపించండి."

ఎర్రచుక్క తెర మీద బయల్దేరింది. అడ్డంగా వెళ్లింది, ఆగింది, నిలువుగా దిగింది. చల్లబడిన చెయ్యి దగ్గర కాసేపు నిలబడింది. మళ్లీ మొదటికి వచ్చింది. ఎవరో దగ్గారు. అతని మెడ దగ్గర కాలర్ తడిసింది, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చొక్కా మీద ముడత చూశాను.

"కొంచెం మసగ్గా ఉంది మేడమ్... మీ వ్యాసంలో ఉంది కదా ఆ వాక్యం."

"నా వ్యాసంలో ఉంది. ఉత్తరంలో లేదు. నువ్వు చదివింది ఉత్తరాన్నా, నా టైపునా?"

అతను లేజర్ ఆర్పేశాడు. ఇక్కడితో ఆపేస్తే నెగ్గేదాన్ని. కానీ ఆపితే, లేని వాక్యం నీ టైపులోకి ఎలా వచ్చిందని రేపు ప్రతివాడూ అడుగుతాడు. అడిగేదాకా ఆగడం నా వల్ల కాలేదు. తొమ్మిదేళ్లు ఆగింది చాలు.

"ఆ వాక్యం దీపస్తంభం ఆవిడ రాయలేదు," అన్నాను. "అది మృత్యువుతో అన్నది కాదు. నాతో అన్నది. ఒక చలికాలం ఆదివారం మా అక్క ఈ ఉత్తరం చదువుతూ, మధ్యలో నాతో అంది. నేను చూసుకోకుండా టైపు చేశాను. దాని మీద వ్యాసం రాశాను, ప్రొఫెసర్నయ్యాను. తప్పని తొమ్మిదేళ్ల కిందట తెలిసింది, దాచాను. ఈ తప్పు ప్రపంచంలో ఒక్క నా ఫైల్లోనే పుట్టింది. ఇప్పుడు ఈయనగారి పుస్తకంలో రెండు వందల పన్నెండో పేజీలో ఉంది. ఇంతకంటే రుజువు నా దగ్గర లేదు."

ప్రిన్సిపాల్ నా వైపు చూసి, పుస్తకం వైపు చూసి, పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. గోడ మీద వాక్యం, పరీక్షలో ప్రశ్న, ఆ పిల్ల చేతి మీద పచ్చబొట్టు, అన్నీ నాకు ఒక్కసారే గుర్తొచ్చాయి. అయినా కోపం దిగలేదు. ఇంకొకటి మిగిలింది.

"ఈయన కృతజ్ఞతల్లో నాది పదకొండో పేరు. నాకు ఒళ్లు మండిపోయింది. నా వ్యాసం చివర నేను పదముగ్గురికి కృతజ్ఞతలు చెప్పాను. గ్రంథాలయానికి, మా గురువుగారికి, ఆఖరికి నా కళ్లజోడు డాక్టరుకి కూడా. రెండు వందల పద్నాలుగు ఉత్తరాలూ భూతద్దంతో చదివిన మనిషి పేరు అందులో లేదు. మూడో వరుసలో కూర్చుంది. మా అక్క."

తలలన్నీ తిరిగాయి. అక్క సంచి గట్టిగా పట్టుకుంది. అంతమంది చూస్తుంటే మొహమాటపడుతుందనుకున్నాను, కంటతడి పెడుతుందేమో అని కూడా అనుకున్నాను. అక్క కాసేపు తెర వైపు చూసింది, లెక్క కట్టుకుంటున్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది. ముప్ఫై ఏళ్లు వార్డు ఆ చివర నుంచి ఈ చివరకు వినబడేలా మాట్లాడిన మనిషి, మైకు అక్కర్లేదు.

"నేను అన్నదాని మీద నలభై పేజీలు రాశావా?"

"రాశానక్కా."

"ఆ రోజు కిటికీ మాత్రం మూయలేదే నువ్వు," అంది. "పది రోజులు మెడ తిప్పలేకపోయాను."

పిల్లలు ఘొల్లున నవ్వారు. ఇస్త్రీ తప్ప హాలంతా నవ్వింది. అక్క నవ్వలేదు. అది ఎంత నిజమో నాకు తెలుసు. ఆ పది రోజులూ అక్క మెడకు గుడ్డ చుట్టుకుని తిరిగింది. నేను బల్ల దగ్గర కూర్చుని, ఎంత గొప్ప వాక్యం దొరికిందో అని మురిసిపోతూ వ్యాసం మొదలుపెట్టాను. ఏమైందక్కా అని ఒక్కసారి కూడా అడగలేదు.